తుడవడానికి తీసుకెళ్ళిన తుపాకులు

మళ్ళీ అదే ప్రశ్నా? నిద్ర సరిగ్గా పడుతోందా అని! యాభై ఏళ్ళు పైబడి తుపాకీ లైసెన్సు ఉన్న మనిషిని పోలీసు ఆఫీసు నుంచి వచ్చి అడగాల్సిన మాటేనా అది? నీకు ముందు వచ్చినాయన బీరువా తాళం లాగి చూసేవాడు, తుపాకుల నంబర్లు రాసుకునేవాడు, టీ తాగి పోయేవాడు. నా నిద్ర జోలికి వచ్చేవాడు కాదు.

అయ్యయ్యో, ఆ కుర్చీ కాదమ్మా! అది విన్నీది. నా భార్య. పోయి రెండు చలికాలాలు అయింది. ఇటు కిటికీ పక్కన కూర్చో. బూట్లు విప్పక్కర్లేదులే. విప్పి ఉంటే బాగుండేది, ఎలాగూ తొక్కేశావుగా.

ఏం పేరన్నావు? ఫెన్. సరే, మిస్ ఫెన్, రాసుకో. హ్యూబర్ట్ లార్టర్. డెబ్బై తొమ్మిది. పుట్టిందీ పెరిగిందీ ఇంగ్లండులో ఈ నార్ఫోక్ జిల్లాలోనే. మేజరు గారి ఎస్టేటులో నలభై నాలుగేళ్ళు వేటకోళ్ళ కాపరిని, దొరలు వేటాడే అడవికోళ్ళను పెంచే పని. కాపరి కాదు, పెద్ద కాపరి. నా కింద ఆరుగురు ఉండేవాళ్ళు. అది కూడా రాయి.

లైసెన్సు రెన్యూవలు ఫారం నేను నింపలేదు. పోస్టాఫీసు అమ్మాయి నింపింది. నాకు చదువు అంతంత మాత్రం. ఇదివరకు విన్నీ నింపేది. సంతకం మాత్రం నాదే, వంకర లేకుండా పెడతాను, చూసుకో.

ఏమిటి, ముక్కు అలా పెట్టావు? నూనె వాసన. తుపాకీ నూనె. ఈ పొద్దున తుడిచాను. నువ్వొస్తున్నావని కాదు. నేను ఎవరో వస్తున్నారని ఇల్లు సర్దే మనిషిని కాను.

బీరువా మెట్ల కింద ఉంది. గోడలోకి నాలుగు బోల్టులు, నేనే బిగించాను. తర్వాత చూద్దువుగానిలే. టీ ఆరిపోతుంది. తాళంచెవి ఎక్కడుందో మాత్రం అడక్కు, చెప్పను. చట్టం అదేగా? లైసెన్సు ఉన్నవాడికి తప్ప ఇంకో ప్రాణికి తెలియకూడదు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో విన్నీకి తెలీదు. చివరికి ఆసుపత్రి మంచం మీద నవ్వుతూ అడిగింది, "ఇప్పుడైనా చెప్పు హ్యూబర్ట్, నేనెవరితో చెప్పబోతాను?" అని.

చెప్పలేదు.

అలా చూడకు. చట్టం అంటే చట్టమే. చచ్చిపోయేవాళ్ళ కోసం ఒకటి, బతికేవాళ్ళ కోసం ఒకటి ఉంటుందా?

తర్వాతి ప్రశ్న కానీ. ఈ ఏడాది కాలంలో దగ్గరివాళ్ళెవరైనా పోయారా అనా? ఆఁ, పోయారు. మా చెల్లెలు డోరీన్. పోయిన సెప్టెంబరులో. అమెరికాలో, మిస్సోరీ అని ఒక రాష్ట్రం ఉందిలే, అక్కడ. ఇంకెవరా? ఇంకెవరూ లేరు. రాసుకో, ఇంకెవరూ లేరు.

దాన్ని అంత దూరం తీసుకుపోయినవాడి పేరు లైల్. ఊరి బయట అమెరికావాళ్ళ విమానాల స్థావరం ఉందే, అక్కడ పనిచేసేవాడు. శనివారం డాన్సుకి వచ్చాడు, ఆరు నెలల్లో మా చెల్లిని పట్టుకుపోయాడు. చెల్లితో పాటు మా అమ్మ గోడ గడియారం కూడా పట్టుకుపోయాడు. అమ్మే ఇచ్చిందట! ఇచ్చినప్పుడు నేను లేను మరి. అమ్మ పోతే చెల్లిని పంపించలేదు. అక్కడ మంచు తుఫాను, విమానాలు లేవు అన్నాడు. యాభై నాలుగేళ్ళు ఆ మనిషితో ఫోన్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. క్రిస్మస్ కార్డుల మీద నా పేరు కూడా విన్నీయే రాసేది. నేనైతే రాసేవాణ్ణి కాను.

డోరీన్‌ని మట్టిలో పెట్టడానికి వెళ్ళాను. గడియారం తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఏది ముందు అని అడక్కు.

మూడు వారాలు ఉన్నానమ్మా లైల్ ఇంట్లో. అబ్బో, ఏం దేశం! ఊరి మధ్యలో ఒక కొట్టు ఉంది. చేపల ఎరకి పురుగుల డబ్బాలు, దాని పక్కన రొట్టె, దాని పక్కన తూటాలు. ఒకే అర! పొద్దున్నే టిఫిన్ తినే చోట నా పక్క బల్ల దగ్గర ఒకడు, గడ్డం మీద తేనె కారుతోంది, నడుముకి పిస్తోలు. ఎవరూ తల తిప్పి చూడరు. డాక్టరు ఆఫీసు తలుపు మీద తుపాకీ బొమ్మ గీసి, దాని మీద ఎర్ర గీత. చదువు రాని నాక్కూడా అర్థమైంది. తేవద్దని బొమ్మ గీసి చెప్పాల్సి వచ్చిందంటే, తెచ్చేవాళ్ళు ఉన్నారనేగా?

పక్కింట్లో కార్లా అని ఒకావిడ. ఆవిడ కూతురు టెస్సా, ఏడేళ్ళు. తీపి రొట్టె తెచ్చి ఇచ్చి, "తాతా, నేను చప్పుడు చెయ్యకుండా పది నిమిషాలు కూర్చోగలను, చూస్తావా? మా క్లాసులో నేనే ఫస్టు" అంది. చూస్తానన్నాను. బల్ల కిందికి దూరింది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, నోటి మీద రెండు చేతులూ పెట్టుకుంది. ఊపిరి కూడా వినబడలేదు. బళ్ళో నేర్పుతారట. ఎవడైనా తుపాకీతో వస్తే అలా ఉండాలట.

గద్ద నీడ పడితే కోడిపిల్లలు అలా అణిగిపోతాయి. నేను వేల పిల్లల్ని పెంచాను, నాకు తెలుసు. మనిషి పిల్ల అలా అణిగిపోవడం అప్పుడే చూశాను.

నా గొంతు లేస్తోందా? లేవనీ.

లైల్ ఇంట్లో మొదటి రోజే నా చెయ్యి ఒకదాని మీద పడింది. కప్పు కడిగి, తుడిచే గుడ్డ కోసం వంటింటి సొరుగు లాగాను. గుడ్డల మధ్య చల్లగా, బరువుగా... పామును ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కున్నాను. పిస్తోలు! తాళం లేదు, పెట్టె లేదు. గిన్నెలు తుడిచే గుడ్డల్లో!

"తూటాలు ఉన్నాయా దాంట్లో?" అన్నాను.

"తూటాలు లేకపోతే అది దేనికి పనికొస్తుంది బావా, మేకు కొట్టడానికా?" అన్నాడు లైల్.

బావా అంటాడు! యాభై నాలుగేళ్ళ తర్వాత, ఏమీ జరగనట్టు!

అప్పుడే వాడికి పాఠం చెప్పాను. మా నాన్న నాకు నేర్పిందీ, నేను ఆరుగురికి నేర్పిందీ. తుపాకీ పట్టుకుని ఇంకో మనిషి దగ్గరికి నడిస్తే దాన్ని కీలు దగ్గర విరిచి, అంటే మడిచి తెరిచి, పట్టుకోవాలి. రెండు గొట్టాలూ ఖాళీ అని అవతలివాడి కంటికి కనబడాలి. ఖాళీ అని నోటితో చెప్పడం కాదు, చూపించడం. అది మర్యాద. నీకు నేర్పారా, మీ ఆఫీసులో? ఊఁ. నయమే.

లైల్ నవ్వాడు. "మీ దేశంలో తుపాకుల్ని జైల్లో పెట్టి మనుషుల్ని బయట వదులుతారు కదా" అన్నాడు. "మీరు తుపాకుల్ని సొరుగుల్లో పడుకోబెట్టి పిల్లల్ని బల్ల కింద దాస్తారు" అన్నాను. మళ్ళీ నవ్వాడు. మొదటి వారం దేనికైనా నవ్వేవాడు. చావు ఇంటికని చుట్టుపక్కలవాళ్ళు వంటలు తెచ్చిన గిన్నెలు ఇంకా వంటింట్లో పేర్చి ఉన్నాయి, వాటిని చూసి కూడా నవ్వాడు. "చూడు బావా, డోరీన్ ఉన్నప్పుడు ఒక్కరూ ఇంత వండి పెట్టలేదు" అని.

రెండో వారం నవ్వు తగ్గింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి నీకు. ఫారంలో ఉండదు ఇది, రాసుకోకు, విను.

మా ఎస్టేటులో సిడ్ మాలెట్ అని ఒక కాపరి ఉండేవాడు. నా కింద మనిషే. ఒక జనవరిలో వాడి పెళ్ళాం పిల్లలతో సహా వెళ్ళిపోయింది. వాడు పనిలోకి వచ్చేవాడు, పోయేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఒకరోజు పొద్దున వాడి ఇంటికి వెళితే వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి తుపాకీ తుడుస్తున్నాడు. మర్నాడు వెళ్ళాను, తుడుస్తున్నాడు. ఆ మర్నాడూ అంతే. మధ్యలో ఒక్కసారి కాల్చలేదు. కాల్చని తుపాకీకి మురికి ఎక్కడిది?

మా వాళ్ళలో దీనికి ఒక పద్ధతి ఉంది. మా నాన్న కాలం నుంచీ ఉంది. అవతలివాడు తనను తాను ఏం చేసుకుంటాడోనన్న మాట నోటితో ఎవరూ అనరు. వెళ్ళి కూర్చుంటాం, టీ తాగుతాం. లేచేటప్పుడు, "నీ తుపాకీ గొట్టం బాలేదురా, ఇలా ఇయ్యి, నేను తుడిచి పెడతాను" అంటాం. అవతలివాడికి తెలుసు. ఇవతలివాడికీ తెలుసు. ఇస్తాడు. విన్నీ ఒక అట్ట ముక్క మీద 'తుడవడానికి' అని రాసి దారంతో కట్టేది, ఎవరైనా అడిగితే చూపించడానికి. ఆ మాట నాకు చూడగానే తెలుస్తుంది. నేను చదవగలిగిన నాలుగు మాటల్లో అదొకటి.

సిడ్‌ది పదకొండు వారాలు నా బీరువాలో ఉంది. వాడు మళ్ళీ నా మీద అరిచిన రోజున తిరిగిచ్చేశాను. ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉన్నాడు, ఎనభై మూడు. వెళితే ఇప్పటికీ అదే గొడవ. "నా తుపాకీ చెక్క మీద గీత పెట్టావురా లార్టర్!" నేను పెట్టలేదు. దాని మీద ముందే ఉంది.

సిడ్ తర్వాత ఇంకో ఇద్దరివి తెచ్చాను. ముగ్గురూ బతికారు. ఏ ఫారం చెప్పింది నాకు? ఏ డాక్టరు చెప్పాడు? అందుకే నిద్ర పడుతోందా అని నువ్వడిగితే ఒళ్ళు మండింది.

టీ తాగు. చల్లారింది, అయినా తాగు.

మూడో వారం. పొద్దున లేచి వంటింట్లోకి వెళితే బల్ల మీద పేపరు పరిచి ఉంది. లైల్ పిస్తోలు తుడుస్తున్నాడు. మర్నాడూ తుడుస్తున్నాడు.

ఆఁ. చూశాను. ఏం చూస్తున్నానో నాకు తెలుసు. టోస్టు కాల్చుకుని, వెన్న రాసుకుని, వాడి ఎదురుగా కూర్చుని తిన్నాను.

వచ్చేసే రోజు. సూట్‌కేసు గుమ్మం దగ్గర పెట్టాను, కార్లా బయట బండి స్టార్ట్ చేసి ఉంచింది. లైల్ వంటింటి బల్ల మీద రెండు మూటలు పెట్టాడు. రెండూ ఆ గిన్నెల గుడ్డల్లోనే చుట్టి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"పెద్దది గడియారం. నీదే బావా, ఎప్పుడూ నీదే" అన్నాడు.

రెండోది ఏమిటో అడగలేదు. గుడ్డ ముడి చూస్తేనే తెలుస్తోంది.

"డోరీన్ చెప్పేది" అన్నాడు. నా మొహం చూడలేదు, బల్ల వంకే చూస్తున్నాడు. "మీ ఊళ్ళో ఒకరిది ఒకరు తుడవడానికి తీసుకెళ్తారట కదా. ఇది కొంచెం తుడవాలి బావా. నువ్వు తీసుకెళ్తావా?"

చూశావా? మా చెల్లి యాభై నాలుగేళ్ళు అక్కడ ఉండి, మా పద్ధతి ఒకటి వాడికి నేర్పిపెట్టింది. నేను కాదు, అదే. వాడు మా భాషలో అడిగాడు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు.

నేనేమన్నానో తెలుసా?

చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. "మా దేశంలో పిస్తోలు ముట్టుకుంటే ఐదేళ్ళు జైలు. నా లైసెన్సు మీద ఇంతవరకు ఒక్క మచ్చ లేదు. నీ తుపాకీ నువ్వే చూసుకో" అన్నాను.

ఏ దేశం? నేను నిలబడింది మిస్సోరీలో! విమానం ఎక్కించక్కర్లేదు. గుమ్మం దాటి కార్లా చేతిలో పెడితే చాలు. దార్లో ఏటి వంతెన ఉంది, బండి ఆపి నీళ్ళలో పడేస్తే చాలు. ఊరికే "సరే, ఇటివ్వు" అన్నా సరిపోయేది, ఆ తర్వాత సంగతి తర్వాత.

నాకు అర్థం కాలేదనుకుంటున్నావా? రాసుకోకన్నానా! పెన్ను కింద పెట్టు. అర్థమైందమ్మా. "తుడవాలి" అని వాడి నోట్లోంచి రాగానే సిడ్ మాలెట్ వంటిల్లు కళ్ళముందుకొచ్చింది. పూర్తిగా అర్థమయ్యాకే చెప్పాను. డోరీన్‌ని తీసుకుపోయాడు, గడియారం తీసుకుపోయాడు, అమ్మ పోతే పంపించలేదు. ఇప్పుడు వాడు నన్ను ఒకటి అడుగుతున్నాడు. లేదు అనడానికి యాభై నాలుగేళ్ళుగా కాచుకుని ఉన్నాను. అన్నాను. చట్టం అడ్డం పెట్టుకుని అన్నాను, మర్యాదగా.

పెద్ద మూట తీసుకున్నాను. చిన్నది బల్ల మీదే ఉంది.

"సరేలే బావా" అన్నాడు. "నువ్వు చెప్పిందే రైటు."

తొమ్మిది రోజులకి కార్లా ఫోన్ చేసింది. ఏడుస్తోంది, సగం మాటలు తెలియలేదు. సొరుగు తెరిచే ఉందట. వంటిల్లంతా శుభ్రంగా కడిగి ఉందట, జనం గిన్నెలన్నీ తోమి, ఎవరి గిన్నె మీద వాళ్ళ పేరు అంటించి పెట్టాడట.

ఇందాక ఇంకెవరూ పోలేదని రాయించాను కదా. అది కొట్టేయి. లైల్ అని రాయి. బావమరిది అని రాయకు, బావ అని రాయి. మీ కాగితంలో రెండిటికీ చోటు ఒకటేనేమో, నాకు ఒకటి కాదు.

ఆ టిక్కు టిక్కు అదే. నీ తల మీద గోడ చూడు. మా అమ్మ గడియారం. రోజూ కీ ఇస్తాను. దాని చోటు యాభై నాలుగేళ్ళు ఖాళీగా ఉంచాను, మేకు కూడా తీయలేదు. వచ్చి తగిలించాక, అది కొట్టుకుంటుంటే ఈ గదిలో కూర్చోలేకపోతున్నాను. ఆపుదామంటే చెయ్యి రాదు.

అమెరికావాళ్ళని ఎన్ని అన్నాను! ఇందాక కూడా అన్నాను, నువ్వు విన్నావు. అన్నవన్నీ నిజమే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. ఆ సొరుగుకి తాళం ఉండి, నీలాంటిదొకతె వచ్చి నిద్ర పడుతోందా అని వాణ్ణి అడిగి ఉంటే... వాడిని ఎవరూ అడగలేదు. అడగడం తెలిసినవాడు ఒక్కడే ఆ ఇంట్లో ఉన్నాడు. వాడు టోస్టు తిన్నాడు.

పడటం లేదు. నీ ప్రశ్నకి జవాబు. నిద్ర పడటం లేదు.

ఇది మార్చి కదా? వేట సీజను అయిపోయి నెల దాటింది. ఈ సీజనులో నేను ఒక్క తూటా కాల్చలేదు, ఎవరినైనా అడుగు. అయినా ఇందాక నీకు నూనె వాసన కొట్టింది. నిన్న వచ్చి ఉంటే నిన్నా కొట్టేది. మొన్నా కొట్టేది. నెల రోజులుగా కొట్టేది.

లే. నెమ్మదిగా లే.

విన్నీ కుర్చీ దగ్గరికి వెళ్ళు. అడుగున, పట్టీల మధ్యలో చెయ్యి పెడితే తాళంచెవి తగులుతుంది. నలభై ఎనిమిదేళ్ళు దాని మీద కూర్చుని, ఎక్కడుందో చెప్పమని నన్నడిగింది పిచ్చిది. బీరువాలో ఒక్క తుపాకీయే ఉంటుంది. కాగితంలో రెండు అని ఉంది కదా. రెండోది మా నాన్నది. కుర్చీ వెనకాల, ఆ శాలువా కింద ఆనించి ఉంది. అందుకే నిన్ను కూర్చోవద్దన్నాను.

ఆగు. గొట్టం నేల వైపు పెట్టు. అంత తొందరగా కాదు.

తూటాలు ఉన్నాయా అని అడుగుతున్నావా?

పొద్దున తుడిచాను. తుడిచి... పెట్టానేమో. పెట్టి తీశానేమో. గుర్తు లేదమ్మా. నాకు, హ్యూబర్ట్ లార్టర్‌కి, గుర్తు లేదు! ఆరుగురికి నేర్పినవాణ్ణి. నువ్వే విరిచి చూడు. చూసి నాకు చెప్పకు.

ఊఁ.

సరే. తీసుకెళ్ళు, రెండూ తీసుకెళ్ళు. రసీదు రాస్తావుగా, రాయి. స్వాధీనం అనీ, రద్దు అనీ, మీ ఆఫీసు మాటలేవీ వద్దు, పోస్టాఫీసు అమ్మాయి చేత చదివించుకోను నేను. పైన పెద్ద అక్షరాలతో 'తుడవడానికి' అని రాయి. నేను చూసుకుంటాను.

ఏదీ, చూపించు.

ఆఁ. అదే.

మా నాన్నది జాగ్రత్తగా పట్టుకో, ఎడం వైపు చెక్క మీద ఒక్క గీత కూడా లేదు. తిరిగొచ్చేటప్పుడు ఉందనుకో, ఊరుకోను. ఎన్నేళ్ళయినా గుర్తు పెట్టుకుంటాను. ఆ పని నాకు బాగా వచ్చు.